కోడేరు కంది చేన్లో దిగిన టెలిస్కోపు

మా పెద్దసారు వంగిన స్క్రూను కూడా పారేయనిచ్చేవారు కాదు. చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు తట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, ఒక కన్ను మూసి చూసి, "దీనికింకా ఆయుష్షుంది" అని డబ్బాలో వేసేవారు. చేరిన మొదటి వారంలో ఆయన్ని పిసినారి అనుకున్నాను. ఆ పిసినారితనమంతా మా పరికరం కోసమేనని, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి మహా పెద్దదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. క్యాంటీన్లో ఆయన పక్కన కూర్చున్నవాళ్లెవరూ టీ డబ్బులిచ్చిన పాపాన పోలేదు.

అవి రెండువేల దశకం మొదటి సంవత్సరాలు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ, అందులో మాది చిన్న బృందం, దానికి ఆయన పెద్ద. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలను కొలవడం మా పని. ఆ కిరణాలు నేలదాకా రావు. దారిలోనే గాలి మింగేస్తుంది. కొలవాలంటే గాలి పలచబడే ఎత్తుకు పోవాలి. రాకెట్లకూ ఉపగ్రహాలకూ మా దగ్గర డబ్బు లేదు. అందుకని బెలూను. పలచటి ప్లాస్టిక్‌తో చేసింది, పైకెళ్లి నిండా ఉబ్బితే పెద్ద భవనమంత అవుతుంది. దానికింద పారాచూటు, పారాచూటు కింద టెలిస్కోపు బిగించిన పెట్టె. తెల్లవారుజామున వదిలితే విమానాలు తిరిగే ఎత్తును ఎప్పుడో దాటిపోయి, కొన్ని గంటలపాటు అక్కడ తేలుతూ మేం చెప్పిన నక్షత్రాన్ని చూస్తుంది. పనయ్యాక కిందనుంచి రేడియోలో ఆజ్ఞ ఇస్తే తాడు తెగి, పెట్టె పారాచూటుతో ఏదో ఒక ఊరి పొలంలో దిగుతుంది. బెలూను పోతే పోయింది. పెట్టె మాత్రం దొరికి తీరాలి. అలాంటి టెలిస్కోపు మాకు ఒక్కటే ఉంది. రెండోది చేసుకునే స్తోమత లేదు.

డబ్బు కరువుకు పెద్దసారు దగ్గర ఎప్పుడూ ఏదో ఒక మందుండేది. మనుషుల కరువుకు మాత్రం ఉండేది కాదు. కొత్త ఇంజనీర్లు వచ్చేవాళ్లు. సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పేవారు. చెయ్యి కుదురుకునేసరికి వాళ్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పిలుపొచ్చేది. వెళ్లే రోజు మిఠాయి డబ్బా తెచ్చేవాళ్లు. పెద్దసారు ఒక ముక్క నోట్లో వేసుకొని "బాగా చేశారు" అనేవారు. మిఠాయినో, ఉద్యోగం మారడాన్నో మాకు తెలిసేది కాదు.

చివరికి ఎలక్ట్రానిక్స్ చూసేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాది గద్వాల. అక్కడ నాన్నకు రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. నా చిన్నతనమంతా విప్పిన రేడియోల మధ్యనే గడిచింది. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఇంజనీరింగ్ చేసి ఇక్కడికొచ్చాను. ఆ చలికాలంలో నాకూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వేసవిలో చేరమన్నారు. ఫోన్లో నాన్న పొంగిపోయాడు.

"ఇంకేంది బిడ్డా ఆలోచన? ఈడ నన్నందరు ఏమడుగుతున్నరో ఎర్కనా? నీ బిడ్డ పట్నంల పతంగులు ఎగరేసే కొలువు జేస్తుందట గద అంటున్నరు."

మర్నాడు పెద్దసారుకు చెప్పాను. ఆయన చేతిలో పని ఆపలేదు. తలెత్తకుండానే అన్నారు: "వెళ్లమ్మాయ్, వెళ్లాల్సిందే. ఈ ఫ్లైట్ అయ్యేదాకా ఉండు. నీ తర్వాత వచ్చేవాళ్లకి కాస్త నేర్పి వెళ్లు."

"ఎవరొస్తారు సార్ నా తర్వాత?"

"అదే నాకూ తెలీదు" అన్నారు. నవ్వారు కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఫ్లైట్ రోజు బెలూను బాగానే లేచింది. నక్షత్రాన్ని చూసింది. మధ్యాహ్నానికి దక్షిణంగా కొట్టుకుపోయింది. పెట్టెను తెచ్చుకోవడానికి జీపు వెనక ట్రాలీ కట్టుకొని దాని నీడనే పోయాం. మామూలుగా ఆ పనికి కుర్రవాళ్లు వెళతారు. ఆసారి కుర్రవాళ్లు లేరు కాబట్టి పెద్దసారే వచ్చారు. జీపు నడిపేది నాగర్‌కర్నూలు మనిషి. తాడు తెగిందని, పెట్టె కోడేరు వైపు దిగుతోందని రేడియోలో కబురు రాగానే, "గీ తొవ్వలన్ని నాకెర్కే సార్, మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు.

పరేషాన్ అయ్యే కబురు ఆ వెంటనే వచ్చింది. పెట్టె నేల తాకగానే పారాచూటు దాన్నుంచి విడిపోవాలి. ఆజ్ఞ ఇచ్చారు, విడిపోలేదు. బయట గాలి గట్టిగా వీస్తోంది. విడిపోని పారాచూటు గాలి నింపుకొని తెరచాపలా లేస్తుంది. పెట్టెను రాళ్ల మీదా గట్ల మీదా ఈడ్చుకుపోతుంది. పెద్దసారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

కోడేరు దాటాక బండిబాటలో పడ్డాం. దూరంగా జనం గుంపు కనిపించింది. దగ్గరికెళితే కోసేసిన కంది చేను. గట్ల మీద ఊరంతా నిలబడి ఉంది. చేను మధ్యలో మా పెట్టె ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని వెనక ఎర్ర తెల్ల పారాచూటు నేల మీద పరిచి ఉంది. ఆ గుడ్డ మీద కంది కట్టె మోపులు, పదిపన్నెండు. అన్నిటికంటే పెద్ద మోపు మీద ఒక పెద్దమ్మ కాళ్లు చాపుకొని కూర్చుంది. చేతిలో కర్ర. గుంపులోంచి ఎవరైనా అడుగు ముందుకేస్తే ఆ కర్ర లేస్తోంది.

మమ్మల్ని చూసి కూడా లేపింది. "ఎవ్వరు మీరు? గిది మీదేనా?"

"మాదేనమ్మా" అన్నారు పెద్దసారు.

"మీదైతే జర జల్ది వొచ్చేదుండె. నేను ఎంతసేపని కూసుంట?"

ఏం జరిగిందో ఆమే చెప్పింది. "మేం మోపులు గడ్తున్నం సారూ. మొగులు మీదికెంచి గిది ఊగుకుంట ఊగుకుంట వొస్తుంది. ఏ దేవరో అని దండం వెట్టిన. దిగినంక జూస్తే గుడ్డ గాలికి ఉబ్బి, ఎడ్లు నాగలి గుంజినట్టు పెట్టెను గుంజుకపోతుంది. గటు దిక్కేమో మా బాయి. ఇంక జరంత అయితే పెట్టె బాయిల వడుతుండె. నా బిడ్డ ఉరికింది. గుడ్డ అంచు వట్టుకొని, అమ్మా, మోపులెయ్యే, మోపులెయ్యే అని మొత్తుకున్నది. ఇద్దరం గల్సి ఏసినం. గప్పుడు పండుకున్నది."

ఆమె చూపించిన వైపు చూశాను. ఈడ్చిన చాలు మట్టిలో తిన్నగా బావి వైపే ఉంది. గట్టు లేని పాత మోట బావి. పరిచిన గుడ్డకూ బావి అంచుకూ మధ్య ఒక ఎద్దుల బండి పట్టే జాగా ఉంది, అంతే.

పెద్దసారు రెండు చేతులూ జోడించారు. "అమ్మా, మా ప్రాణాలు కాపాడావు."

"మీ పానం గిండ్ల ఉన్నదా?" అంది పెద్దమ్మ పెట్టెను కర్రతో చూపిస్తూ. గుంపు నవ్వింది. తర్వాత ఆమె పారాచూటు గుడ్డను చేత్తో నిమిరి, "గీ గుడ్డ ఇచ్చిపోరాదు సారూ, కందుల మీద గప్పుకుంట" అంది.

"ఇదొక్కటే ఉందమ్మా. మళ్లీ దీనితోనే దిగాలి" అన్నారాయన దీనంగా. "బెలూను ప్లాస్టిక్ ఎక్కడో పడి ఉంటుంది, అది మీరు తీసుకోండి."

"అది అవుతలి ఊరోల్లు ఎప్పుడో పంచుకున్నరు" అంది పెద్దమ్మ. "సర్కారు కొలువోల్లు గూడ మా లెక్కనే ఉన్నరే. గుడ్డ ముక్క గూడ ఇడుస్తలేరు."

అప్పుడు ఆమె కూతురు ముందుకొచ్చింది. లంగా ఓణీ మీద తండ్రిదో అన్నదో పాత చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాలు కట్టుకొని ఉంది. కంది కోతకని ఇంటికి వచ్చిందట. నేను చదివిన వనపర్తి పాలిటెక్నిక్‌లోనే ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరం.

"సార్, మీద శాన చలి ఉంటదా?" అని అడిగింది.

పెద్దసారు తిరిగి చూశారు. "ఎందుకలా అనుకున్నావ్?"

"పెట్టె చుట్టు తర్మాకోల్ వెట్టిన్రు గద. ఐస్ బండోడు సల్లగుండాలని వెడ్తడు. గిండ్ల ఐస్ లేదు. అంటే ఎచ్చగుంచనీకె వెట్టిన్రేమో అని." పెట్టె సందులోకి చూపించి మళ్లీ అంది: "ఇంగ లోపట చిన్న లైటు ఎల్గుతుంది. ఇంక నడుస్తుందేమో, మీకేమన్న అవుసరమేమో అని ఎవ్వర్ని ముట్టనియ్యలే."

ఆయన అక్కడే మట్టిలో కూర్చున్నారు. ఆ అమ్మాయినీ కూర్చోమన్నారు. పైన ఎంత చలి ఉంటుందో, గాలి లేనిచోట వేడి ఎటూ పోలేక సర్క్యూట్లు ఎలా ఉడికిపోతాయో, నక్షత్రం ఎటుందో పెట్టెకు ఎలా తెలుస్తుందో, అన్నీ చెప్పారు. నేనూ డ్రైవరూ పారాచూటు మడత పెట్టాం. ఊరివాళ్లు మోపులు తీసి సాయం పట్టారు. పెట్టెను ట్రాలీ మీదికెక్కించాం. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. అలా చెప్పడం నేను చేరిన మొదటి నెలలో చూశాను. తర్వాత చూడలేదు.

చివరికి ఆయన తనకు అలవాటైన ప్రశ్న వేశారు. "నువ్వైతే దీన్ని ఇంతకంటే చవగ్గా ఎలా చేస్తావ్?"

ఆ అమ్మాయి పెట్టె చుట్టూ తిరిగింది. పెట్టె కాళ్ల కింద దిమ్మల్లాంటివి నలిగి చితికిపోయి ఉన్నాయి. తేనెతుట్టెలాగా గదులు గదులుగా చేసిన అట్ట దిమ్మలవి. నేలకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బను అవి తిని, టెలిస్కోపును కాపాడతాయి. విదేశాల నుంచి తెప్పిస్తామని ఆయనే ఆమెకు చెప్పారు. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరావు. బృందం బడ్జెట్లో ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేవి అవే.

"గివి ఈడ దొరకయా సార్? అచ్చంపేట కెంచి సీతాఫలాలు గంపలల్ల వొస్తయి. లారీ ఎంత ఎగిరినా పండు నలగదు. గసొంటి గంపలు వెట్టలేమా?"

"పెట్టి చూస్తేగానీ తెలీదు" అన్నారు పెద్దసారు. ఆ మాట ఆయన ఊరికే అనరు.

"మీరొక్కసారి మా కాలేజీకి తీస్కరండ్రి సార్ దీన్ని. మావోల్లు జూస్తరు."

ఆ రాత్రికి నాగర్‌కర్నూలులో ఉండి, పొద్దున్నే హైదరాబాదు బయల్దేరాలి. పొద్దున పెద్దసారు జీపెక్కి, "వనపర్తి పోనీ" అన్నారు.

ముందు కబురు లేకుండా మట్టి కొట్టుకొని ఉన్న పెట్టెతో కాలేజీలోకి వచ్చాం. నాకు పాఠం చెప్పిన మేడమొకరు నన్ను గుర్తుపట్టబట్టి సరిపోయింది, లేకపోతే గేటు దాటనిచ్చేవారు కాదేమో. గంట తిరిగేసరికి ఆవరణలో చెట్టు కింద పిల్లలంతా మూగారు. కోడేరు అమ్మాయి పొద్దుటి బస్సుకే వచ్చి అప్పటికే సగం కథ చెప్పేసింది.

పెద్దసారు ట్రాలీ ఎక్కి నిలబడ్డారు. ఆకాశమూ నక్షత్రాలూ అంటూ మొదలుపెడతారనుకున్నాను. "నాకు పనివాళ్లు కావాలి. చేత్తో పని చేసేవాళ్లు" అన్నారు.

వెనకనుంచి ఒకడు అరిచాడు. "జీతమెంత సార్?"

ఆయన అంకె చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. "శిక్షణ కాలంలో అంతే. సాఫ్ట్‌వేర్‌లో మీ వయసువాళ్లకు ఇచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. పర్మినెంట్ అవుతుందని మాటివ్వలేను" అన్నారు.

ఎవరో ఈల వేశారు. నవ్వులు. ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. సగానికి పైగా వెళ్లిపోయారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి వేసింది. ఆయన మాత్రం తాపీగా స్క్రూడ్రైవరు తీసి పెట్టె మూత విప్పారు.

"ఇప్పుడు దగ్గరికి రండి" అన్నారు. "వాళ్లుంటే మీకు చెయ్యి పెట్టడానికి చోటుండేది కాదు."

ఉన్నవాళ్లు వచ్చారు. టెలిస్కోపు గుండెకాయ లాంటి డిటెక్టరును, ఎవరైనా పొరపాటున తాకితే నన్ను కేకలేసే ఆ డిటెక్టరును, వాళ్ల చేతులకిచ్చి చూడమన్నారు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

తిరుగు దారిలో అడిగాను. "జీతం సంగతి చివర్లో చెప్పొచ్చు కదా సార్?"

"ఇన్నేళ్లూ అదే చేశానమ్మాయ్. ముందు నక్షత్రాలు చూపించి తెచ్చాను. జీతం సంగతి అర్థమైన రోజున పోయారు. వాళ్ల తప్పేం లేదు. ఈసారి తిరగేసి చూద్దామని. ఇంకో సంగతి. కంపెనీలన్నీ పెద్ద కాలేజీలకే పోతాయి. ఈ పిల్లల్ని ఇంతవరకూ ఎవరూ రమ్మని అడిగినట్టు లేరు."

వేసవిలో నలుగురు వచ్చారు. కోడేరు అమ్మాయి, ఇంకో ముగ్గురు. కొత్త ఉద్యోగాలు పుట్టించే అధికారం ఆయనకు లేదు. శిక్షణ కింద కొంతమందిని తీసుకోవచ్చని పాత నియమమొకటి ఉంటే దాన్ని వెతికి పట్టుకొని, దస్త్రం చంకలో పెట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించారు. వాళ్లకు నేర్పే పని నాది. నేర్పి వెళ్లిపోవాలి, అదీ ఒప్పందం.

నేర్పడం నాకు రాదనుకునేదాన్ని. వాళ్లు వచ్చాక తెలిసింది, నాకు తెలుసనుకున్నవాటిలో సగం నాకూ సరిగ్గా తెలియవని. "అక్కా, గీ కెపాసిటర్ ఈడెందుకు?" అని ఒకరు అడిగితే జవాబు కోసం నేనూ సర్క్యూటు మళ్లీ మొదటినుంచి చూసుకోవాల్సి వచ్చేది. రెండో వారంలో ఒక కుర్రాడు తీగలు తారుమారు చేసి ఒక బోర్డును కాల్చేశాడు. గదంతా పొగ. వాడు ఏడుపు మొహం పెట్టాడు. పెద్దసారు వచ్చి, వాసన చూసి, "పోన్లే, ఇక్కడే కాలింది. పైన కాలితే ఎవరం ఆర్పేవాళ్లం?" అన్నారు. తర్వాత వాడి పక్కనే కూర్చొని, ఆ కాలిన బోర్డులోంచి బతికున్న భాగాలన్నీ విడదీయించారు.

గంపల సంగతి కూడా ఆ వేసవిలోనే తేల్చాం. కోడేరు అమ్మాయి అచ్చంపేటకు పోయి, వెదురు అల్లేవాళ్లతో దగ్గరుండి మా కొలతలకు గంపలు అల్లించింది. వాటిని బస్సు పైన కట్టించడానికి కండక్టరుతో కొట్లాడిందట. ఇక వాటి మీద బరువు పెట్టి ఎత్తు నుంచి పడేసి చూడాలి. మా ఆవరణలో అలాంటి పరీక్షకు అనుమతులు రావడానికి చాలా రోజులు పట్టేది. అప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. నాన్న దుకాణం వెనక ఖాళీ జాగా ఉంది. దాని పక్కనే ఎవరిదో మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. ఇటుకలు పైకి లాగే గిలక దానికి వేలాడుతూ ఉంది.

అలా ఒక ఆదివారం అందరం గద్వాలలో దిగాం. మా అమ్మది రాయచూరు వైపు. మాటలో సగం కన్నడం దొర్లుతుంది. గుమ్మంలోకి రాగానే పెద్దసారుని, "ఊట ఆయితా సార్?" అని అడిగింది. భోజనమైందా అని ఆమె అడగడం.

ఆయన ఒక క్షణం ఆలోచించి, "ఊట సంగతి నాకేం తెలుసమ్మా, ఈ నేలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో మీరే చెప్పాలి" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను. అర్థమయ్యాక ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు. జొన్నరొట్టె, పుంటికూర తిని, ఇంకో రొట్టె అడిగి మరీ తిన్నారు.

టెలిస్కోపంత బరువు వచ్చేలా ఒక చెక్క పెట్టెలో ఇసుక నింపి, కింద గంపలు బోర్లించి కట్టి, గిలకతో పైకి లాగి వదిలాం. గంపలు నలగలేదు. పెట్టెను బంతిలా ఎగరేశాయి. అది రెండు పల్టీలు కొట్టి, పక్కింటివాళ్లు ఎండబోసిన మిరపకాయల మధ్యలో పడి పగిలింది. ఇసుకా మిరపకాయలూ ఏకమైపోయాయి. పక్కింటావిడ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. అమ్మ పోయి ఆమెను బతిమాలింది. మేమంతా చాటలు పట్టుకొని కూర్చొని మిరపకాయలు చెరిగాం. పెద్దసారు కూడా చాట పట్టారు. ఆయన చెరుగుడు చూసి పక్కింటావిడకు కోపం పోయి నవ్వొచ్చింది.

"గంప మంచిదే సార్. గని అది దెబ్బను తినట్లే, మల్ల వాపస్ ఇస్తుంది" అంది కోడేరు అమ్మాయి తుమ్ముతూ.

"అవును. మనకు కావలసింది నలిగి, నలిగినట్టే ఉండిపోయేది" అన్నారాయన.

దుకాణం నిండా కొత్త టీవీలు వచ్చిన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని కుర్రాళ్లు కోసి, పట్టీలు పట్టీలుగా నిలబెట్టి, గంప లోపల గట్టిగా కూరి అతికించారు. ఎన్ని పట్టీలు, ఎంత ఎత్తు అని నేనూ పెద్దసారూ నేల మీద సుద్దతో లెక్కలేశాం. నాన్న జిగురు కాచి ఇచ్చాడు. మొదటిది మరీ గట్టిగా అయింది, దాని తర్వాతది మరీ మెత్తనైంది. సాయంత్రం ఎండ తగ్గుతుండగా వదిలిన పెట్టె ధబ్‌మని పడి, పడినచోటే కూర్చుండిపోయింది. గంప అణిగింది, అట్ట నలిగింది, ఇసుక పెట్టె చెక్కుచెదరలేదు. నాన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను చేరాల్సిన రోజు ఆ వారంలోనే ఉంది. అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లాక నాన్న అట్టముక్కలు ఊడుస్తూ అడిగాడు.

"అయితె గా కొలువుకు పోవా?"

"ఈల్లకింక టెలిమెట్రీ నేర్పలే నాయినా, పెట్టె రేడియోల పంపే కొలతలు వట్టుకునుడు."

"నేర్పేదాంక ఉంటవా?"

"ఉంట."

నాన్న చీపురు ఆపి నన్ను చూశాడు. "నేర్పుడు ఎన్నడన్న ఒడుస్తదా బిడ్డా? నేను ఇన్నేండ్ల సంది దుకాణంల పిల్లగాండ్లకు నేర్పుతనే ఉన్న." కోప్పడతాడనుకున్నాను. లోపలికి పోయి అమ్మతో, "టీ వెట్టు, అందరికి" అన్నాడు.

హైదరాబాదు వెళ్లాక పెద్దసారుకు చెప్పాను, నేను ఉంటున్నానని. కాసేపటికి క్యాంటీన్ కుర్రాడు మైసూర్‌పాకు పొట్లంతో వచ్చాడు. అది ఆయనే తెప్పించారు.

తర్వాతి చలికాలం ఫ్లైట్‌లో పెట్టె కాళ్ల కింద విదేశీ దిమ్మలు లేవు. అచ్చంపేట గంపలు, వాటి నిండా గద్వాల అట్టలు. ఒక పెద్ద అధికారి వాటిని చూసి, "ఇదేమిటండీ, పెళ్లికి సారె పంపుతున్నారా?" అన్నాడు. పెద్దసారు పరీక్షల ఫలితాలు చూపించారు. అధికారి చదివి సంతకం పెట్టాడు. పారాచూటు విడిపోయే అమరికను నలుగురు పిల్లలూ కలిసి మొదటినుంచి మళ్లీ చేశారు. పనిచేస్తుందో లేదో ఎన్నిసార్లు చూసుకున్నారో నేను లెక్కపెట్టలేదు.

ఆసారి తిమ్మాజిపేట దగ్గర రాళ్ల గుట్ట వాలులో దిగింది. చేను కాదు, మెత్తటి నేల కాదు. మేం వెళ్లేసరికి పారాచూటు దూరంగా ఒక తుమ్మ పొదకు చుట్టుకొని ఉంది. విడిపోయిందన్నమాట. పెట్టె రాళ్ల మధ్య నిటారుగా కూర్చొని ఉంది. గంపలు పచ్చడైపోయాయి. పెద్దసారు మోకాళ్ల మీద వంగి పెట్టె కింద చెయ్యి పెట్టి తడిమి, "తిన్నాయి, మొత్తం తిన్నాయి" అన్నారు. ప్రయోగశాలకు తెచ్చి డిటెక్టరు పెట్టి చూస్తే ముందురోజు ఎలా పనిచేసిందో అలాగే పనిచేసింది.

రెండ్రోజుల తర్వాత పొద్దున, ఫ్లైట్‌లో పోగైన కొలతలన్నీ కంప్యూటరులో పోసి గీత గీయించాం. తెరమీద ముందు అడ్డదిడ్డంగా చుక్కలు. తర్వాత వాటి మధ్యలోంచి మెల్లగా ఒక వంపు లేచింది. మేం చూడమన్న నక్షత్రానిదే. అంత శుభ్రంగా అది మాకు అంతకుముందెప్పుడూ దొరకలేదు. కోడేరు అమ్మాయి ఒక్క క్షణం నిలబడి చూసి, బయటికి పరిగెత్తింది. గేటు పక్కన కిరాణా కొట్లో ఫోనుండేది. కోడేరులో వాళ్ల ఇంటి పక్కవాళ్లకు ఫోన్ చేసి అమ్మను పిలిపించింది. నేను వెనకే వెళ్లాను. పెద్దమ్మ గొంతు నాక్కూడా వినిపించేంత పెద్దగా ఉంది.

"అమ్మా, నక్షత్రం కనవడ్డదే!"

"గీ పొద్దుగాల్నా? పగటీలి సుక్కలు కనవడుతున్నయంటే సరింగ తింటున్నవా లేదా బిడ్డా?"

ఆ అమ్మాయి నవ్వుతూ నవ్వుతూ కొట్టు అరుగు మీద కూర్చుండిపోయింది. వివరించే పని నా మీద పడింది. ఫోన్ తీసుకొని నాకు చేతనైనంత చెప్పాను. పెద్దమ్మ ఓపిగ్గా విని, "మంచిగైతె మంచిదే. పెద్దసారుకు చెప్పు, కందులు పంపుతున్న అని" అంది.

ఆ నలుగురిలో ఇద్దరు తర్వాత సాఫ్ట్‌వేర్‌కే పోయారు. మిఠాయి తెచ్చారు, తిన్నాం. వాళ్లలో బోర్డు కాల్చినవాడు ఇప్పటికీ పండగలకు ఫోన్ చేసి, కొత్తగా ఏం ఎగరేస్తున్నారని అడుగుతాడు. మూడోవాడు మా దగ్గరే ఉన్నాడు. కోడేరు అమ్మాయి పనిచేస్తూనే సాయంత్రం కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తిచేసింది. కొన్నేళ్లకు ఉపగ్రహాలు తయారుచేసే చోట ఉద్యోగం వచ్చింది. ఆమె వెళ్లేనాటికి వనపర్తి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి ఏటా ముగ్గురో నలుగురో పిల్లలు రావడం మామూలైపోయింది. వాళ్లలో చాలామందికి సోల్డరింగ్ నేర్పింది ఆమే.

పెద్దసారు రిటైరయిన రోజు మేమంతా ఆయన్ని ఇంటిదాకా దింపాం. దారిలో ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఈ ఏడాది ఎంతమంది పిల్లలు వస్తున్నారు, వాళ్లకు హాస్టల్లో తిండి బాగుందా అని అడిగారు. బాగానే ఉంది సార్ అన్నాను. "ఎవరైనా బాగుందంటే నమ్మకు, నువ్వే వెళ్లి ఒక పూట తిని చూడు" అన్నారు. మరుసటి వారం వెళ్లి తిన్నాను. పప్పు నీళ్లలా ఉంది. వంటాయనతో మాట్లాడి, వచ్చేటప్పుడు పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను.